ఊపిరి కుదుటపడినంత త్వరగా ఎముక కుదుటపడదు: ఫిగర్ స్కేటర్లకు విశ్రాంతి ఎందుకు అవసరం

ట్రిపుల్ లుట్జ్ అనే జంపు వేసే స్కేటర్ గాలిలో ఉండేది సుమారు సెకనులో మూడింట రెండు వంతుల సేపు. అంతలోనే మూడు చుట్లు తిరిగి, వెనక్కి జారుతూ, ఒకే కాలి మీద, దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు బయటి అంచు మీద దిగాలి. ఆ క్షణంలో ఆ కాలి మీద పడే భారం శరీర బరువుకు ఐదు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుందని అంచనా. అంటే 50 కిలోల బరువున్న స్కేటర్ కాలు 250 నుంచి 400 కిలోల భారాన్ని రెప్పపాటులో మోస్తుందన్నమాట. చూసేవారికి వినిపించేది మంచు మీద బ్లేడు గీసుకున్న చిన్న చప్పుడు, కనిపించేది చేతులు చాచి హాయిగా వెనక్కి సాగిపోయే ఒక వంపు. ఆ భారం ఎక్కడికి పోయింది, దాన్ని మోసిన ఎముకకూ కీలుకూ తిరిగి కోలుకోవడానికి ఎంత సమయం పడుతుంది అన్నది మాత్రం కంటికి కనిపించదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక్కో సెషన్‌లో 40 జంపులు, రోజుకు రెండు సెషన్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే వారానికి 480 ల్యాండింగ్‌లు అవుతాయి. ఏడాదిలో 45 వారాలు సాధన చేస్తే అవి 21,600. ఇది విషయం అర్థం కావడానికి వేసిన లెక్కే అయినా, పోటీ స్థాయి సాధనను దగ్గరగా చూసినవారికి అతిశయోక్తిగా అనిపించదు. ఈ క్రీడలో ఆరు రకాల ప్రధాన జంపులున్నాయి. వాటిలో ఏది వేసినా దిగేది ఒకే కాలి మీద. ఎడమవైపు తిరిగే స్కేటర్లకు అది కుడికాలు, కుడివైపు తిరిగేవారికి ఎడమకాలు. పరుగు పందెంలో భారం రెండు కాళ్లూ పంచుకుంటాయి కానీ ఇక్కడ ఆ అవకాశం లేదు. పడిపోయినప్పుడు తుంటికీ మోచేతికీ తగిలే దెబ్బలు ఈ లెక్కలోకి రానేలేదు.

విశ్రాంతి అనగానే సాధన ఆగిపోయిన ఖాళీ సమయం అనే అర్థం మనలో పాతుకుపోయింది. శరీరధర్మ శాస్త్రం చెప్పేది వేరు. సాధన శరీరానికి ఒక కబురు పంపుతుంది, చిన్న చిన్న నష్టాలు చేస్తుంది. ఆ కబురు అందుకుని శరీరం తనను తాను బలపరచుకునే పని సాధన ముగిశాకే సాగుతుంది. ఇక్కడే చిక్కు ఉంది. శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో కోలుకోవు. ఫిగర్ స్కేటింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ భారం మోసే ఎముకలు, వాటికి కండరాలను కట్టి ఉంచే టెండన్లే అన్నిటికన్నా నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా కోలుకుంటాయి. ఊపిరి, గుండె, కండరాలు మాత్రం చకచకా కోలుకుని ‘నేను సిద్ధం’ అంటాయి. స్కేటర్ వినేదీ, కోచ్ చూసేదీ ఈ త్వరగా కోలుకునే భాగాల మాటనే. ఈ క్రీడలో కనిపించే గాయాల్లో చాలా వాటికి మూలం ఈ తేడాలోనే ఉందని నేను భావిస్తున్నాను.

ముందుగా త్వరగా కోలుకునే వాటిని చూద్దాం. పోటీలో స్కేటర్ చేసే రెండు ప్రదర్శనల్లో పొడవైనదైన ఫ్రీ స్కేట్ నిడివి నాలుగు నిమిషాలు. దాదాపు ఆ నాలుగు నిమిషాలూ గుండె తన గరిష్ఠ వేగానికి చేరువలోనే కొట్టుకుంటుంది, కాళ్లలో మంట పుడుతుంది, చివరి స్పిన్‌కు వచ్చేసరికి ఊపిరి అందదు. కానీ ప్రోగ్రామ్ ముగిసిన కొద్ది నిమిషాల్లోనే గుండె వేగం దిగివస్తుంది. కండరాల్లో ఖర్చయిన గ్లైకోజెన్ అనే ఇంధనం నిల్వలు సరిపడా పిండిపదార్థాలు తింటే దాదాపు ఒక రోజులో తిరిగి నిండుతాయి. కండరాల నొప్పి ఒకటి రెండు రోజుల్లో పెరిగి తర్వాత తగ్గిపోతుంది. ఒక రాత్రి బాగా నిద్రపోయి లేచిన పదిహేనేళ్ల స్కేటర్‌కు అలసట అంతా తీరిపోయినట్టే అనిపిస్తుంది. అది అబద్ధం కాదు, కాకపోతే సగం నిజమే.

టెండన్ సంగతి వేరు. గట్టి సాధన తర్వాత టెండన్‌లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పాతది విరగడం, కొత్తది తయారవడం రెండూ ఒకేసారి పెరుగుతాయి. మొదటి ఒకటి ఒకటిన్నర రోజు విరిగేదే ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత కానీ తయారీది పైచేయి కాదు. ప్రతిరోజూ అదే టెండన్ మీద అదే భారం వేస్తూ పోతే లెక్క ఎప్పుడూ నష్టం వైపే మొగ్గుతుంది. మోకాలి చిప్ప కింద ఉండే టెండన్ నొప్పి స్కేటర్లలో అంత తరచుగా కనిపించడానికి ఇదొక కారణం.

ఎముక గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అపార్థాలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. ఎముక రాయిలాంటిదని మనం అనుకుంటాం కానీ అది నిరంతరం మరమ్మతు జరుగుతున్న ఇల్లు లాంటిది. భారం పెరిగినప్పుడు ఎముకలో కంటికి కనిపించని పగుళ్లు ఏర్పడతాయి. వాటిని సరిచేయడానికి ముందుగా ఆస్టియోక్లాస్టులు అనే కణాలు వచ్చి దెబ్బతిన్న భాగాన్ని తవ్వి తీసేస్తాయి. ఈ తవ్వకానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఆస్టియోబ్లాస్టులు వచ్చి కొత్త ఎముకను నింపుతాయి. దానికి దాదాపు మూడు నెలలు కావాలి. అంటే సాధన ఒక్కసారిగా పెంచిన తర్వాత కొన్ని వారాల పాటు ఎముక మునుపటికన్నా బలంగా కాక, బలహీనంగా ఉంటుంది. తవ్వడం అయింది, నింపడం ఇంకా కాలేదు. ఆ సమయంలోనే కొత్త జంపు మీద పట్టు చిక్కుతోందన్న ఉత్సాహంతో రోజుకు మరో ఇరవై ప్రయత్నాలు కలిపితే, సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసి స్ట్రెస్ ఫ్రాక్చర్‌గా మారతాయి.

అది వచ్చే తీరు కూడా మోసపూరితంగా ఉంటుంది. మొదట్లో సాధన అయ్యాక కాస్త నొప్పి ఉండి, మర్నాటికి పోతుంది. తర్వాత సెషన్ మధ్యలోనే మొదలవుతుంది. ఆ తర్వాత రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంది. కాలి మీద ఒక వేలితో ‘ఇదిగో, ఇక్కడే’ అని చూపించగలిగే నొప్పి అయితే దాన్ని కండరాల నొప్పిగా కొట్టిపారేయకూడదు. తొలి వారాల్లో తీసిన ఎక్స్-రేలో ఏమీ కనిపించకపోవడం చాలా సాధారణం, ఎంఆర్‌ఐలో బయటపడుతుంది. ‘ఎక్స్-రే బాగానే ఉంది కదా’ అనే మాట నమ్మి పోటీకి వెళ్లిన స్కేటర్, ఆరు వారాల విరామంతో పోయేదాన్ని ఒక సీజన్ మొత్తానికి సాగదీసుకునే ప్రమాదం ఉంది. పాదంలోని మెటాటార్సల్ ఎముకలు, మధ్యపాదంలోని నావిక్యులర్, కాలి పిక్క భాగంలోని టిబియా, ఫిబ్యులా, నడుము వెన్నుపూసలోని సన్నని వంతెన భాగం స్కేటర్లలో ఇలా దెబ్బతినే చోట్లు. వీటిలో నావిక్యులర్ మధ్యభాగానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి అది మానడం మరీ కష్టం.

ఎముక విషయంలో ఆశ కలిగించే సంగతి కూడా ఒకటి ఉంది. ఎముకను గట్టిపరిచే కబురు అందుకోవడానికి వందల జంపులు అక్కర్లేదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో, వరుసగా కొన్ని పదుల సార్లు భారం పడ్డాక ఎముక కణాలు స్పందించడం బాగా తగ్గిస్తాయని, కొన్ని గంటల విరామం ఇస్తే తిరిగి స్పందిస్తాయని తేలింది. కాబట్టి ఒకే సెషన్‌లో వంద జంపులు వేయడం కన్నా, మధ్యలో చాలినంత విరామం ఉన్న రెండు చిన్న సెషన్లు ఎముకకు మేలు. మిగిలిన జంపులు ఎముకకు కొత్తగా నేర్పేదేమీ ఉండదు, పగుళ్లను మాత్రం పెంచుతాయి.

ఈ భారాన్ని బూటు మరింత పెంచుతుంది. స్కేటింగ్ బూటు గట్టిగా, చీలమండను కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అది లేకపోతే అంత సన్నని బ్లేడు మీద నిలదొక్కుకోవడమే అసాధ్యం. కానీ మామూలుగా దూకి దిగేటప్పుడు మునివేళ్ల నుంచి మడమ దాకా పాదం వంగి అదురును పీల్చుకుంటుంది. బూటులో ఆ వంపుకు చోటు ఉండదు కాబట్టి, ఆ అదురు పైకి పాకి మోకాలు, తుంటి, నడుముల మీద పడుతుంది. చీలమండ లోపలి ఎముక మీద నీరు చేరి ఉబ్బడం, లేసులు ఒరుసుకునే చోట పాదం ముందరి టెండన్ వాయడం కూడా ఈ బూటుతో వచ్చే బాధలే. కొత్త బూట్లు కాలికి అలవాటయ్యే వారాల్లో జంపులు తగ్గించాలని అనుభవజ్ఞులైన కోచ్‌లు పట్టుబట్టేది ఇందుకే.

ఇదంతా పెద్దవారి శరీరంలో జరిగితే ఒక సంగతి. ఈ క్రీడలో ట్రిపుల్ జంపులు నేర్చుకునే వయసు సాధారణంగా పదకొండు నుంచి పద్నాలుగు. సరిగ్గా అప్పుడే పిల్లలు ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముక ముందు పొడుగవుతుంది, గట్టిపడటం ఆ తర్వాతే. ఆ మధ్యకాలంలో ఎముక చివర్ల ఉండే గ్రోత్ ప్లేట్లు మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. బలమైన కండరం ఒక్కసారిగా లాగితే టెండన్ తెగడానికి బదులు, అది అంటిపెట్టుకున్న ఎముక ముక్కే ఊడివస్తుంది. నేథన్ చెన్‌కు 2016 జనవరిలో జరిగింది ఇలాంటిదే. అమెరికా జాతీయ పోటీల్లో పతకం సాధించి, ఆ తర్వాతి ప్రదర్శనలో జంపు చేస్తుండగా అతని ఎడమ తుంటి దెబ్బతింది, శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అప్పటికి అతని వయసు 16. ఆ సీజన్‌లో మిగిలిన పోటీలు వదులుకుని కోలుకున్న అతను 2018లో ప్రపంచ ఛాంపియన్, 2022లో ఒలింపిక్ ఛాంపియన్ అయ్యాడు. అందరి కథా అలా సాగదు. 1998లో పదిహేనేళ్ల వయసులో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన టారా లిపిన్స్కీకి 18 ఏళ్లకే తుంటి శస్త్రచికిత్స జరిగింది.

నిద్ర గురించి అందరూ తలూపుతారు, ఆచరణలో మాత్రం మొదట కోత పడేది దానికే. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఆ వయసులో శరీర గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. పదింటికి పడుకోబెట్టినా నిద్ర పట్టేది పదకొండింటికి. మరోవైపు, బడి మొదలయ్యేలోగా రింకు (స్కేటింగ్ చేసే మంచు మైదానం) ఖాళీగా దొరికేది తెల్లవారుజామునే. నాలుగున్నరకు అలారం మోగుతుంది, చీకట్లో ప్రయాణం, చల్లని గదిలో బెంచీ మీద కూర్చుని, ఇంకా వంగని వేళ్లతో లేసులు బిగించడం, ఐదున్నరకు మొదటి జంపు. అలా లేచి వచ్చిన అమ్మాయి నిద్రపోయింది ఐదున్నర గంటలు. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. అంతేకాదు, ముందురోజు సాధనలో పట్టుబడిన కదలిక మెదడులో స్థిరపడేది కూడా నిద్రలోనే. లుట్జ్‌లో సరైన అంచు మీద నిలబడే ఆ సూక్ష్మమైన పట్టు కోసం గంటల తరబడి శ్రమించి, ఆ శ్రమను భద్రపరిచే నిద్రను తగ్గించుకోవడం నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. వారంలో రెండు రోజులైనా తెల్లవారుజాము సెషన్ మాని, ఆ సమయాన్ని నిద్రకు వదిలేస్తే పోయేదానికన్నా వచ్చేదే ఎక్కువ.

తిండి లేని విశ్రాంతి కూడా విశ్రాంతి కాదు. ఎంత తేలికగా ఉంటే అంత వేగంగా తిరగవచ్చన్న నమ్మకం ఈ క్రీడలో లోతుగా నాటుకుంది. సాధనకు ఖర్చయ్యే శక్తి పోగా శరీరానికి మిగిలేది చాలకపోతే, అది ముందుగా ఆపేసేది అత్యవసరం కాని పనులనే. అమ్మాయిల్లో నెలసరి ఆగడం, ఎముక పలచబడటం, గాయాలు మానకపోవడం, మాటిమాటికీ జబ్బుపడటం దాని ఫలితాలు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ (క్రీడల్లో సాపేక్ష శక్తి లోటు) అని పేరు పెట్టి, ఇది అబ్బాయిల్లోనూ వస్తుందని స్పష్టం చేసింది. 2014 సోచి ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం సాధించిన రష్యా స్కేటర్ యులియా లిప్నిత్స్కాయా అనోరెక్సియా అనే ఆహార రుగ్మతకు చికిత్స పొంది, 2017లో 19 ఏళ్ల వయసులోనే పోటీల నుంచి తప్పుకున్నారు. మరమ్మతుకు సెలవు ఇచ్చి, మరమ్మతుకు కావలసిన సరుకు ఇవ్వకపోతే ఆ సెలవు వృథా.

పరిస్థితి ఇంతవరకూ రావడంలో నియమాల పాత్ర కూడా ఉంది. ఒకప్పుడు మంచు మీద నిర్ణీత ఆకృతులను నిదానంగా గీసే ‘కంపల్సరీ ఫిగర్స్’కు మొత్తం మార్కుల్లో సగానికి పైగా వాటా ఉండేది. స్కేటర్ల సాధనలో చాలా గంటలు ఆ గీతలకే పోయేవి, వాటిలో కాలికి దెబ్బ తగిలే పని లేదు. 1990 తర్వాత అంతర్జాతీయ పోటీల్లో అవి రద్దయ్యాయి. ఆ గంటలు జంపులకు మళ్లాయి. చూడటానికి విసుగనిపించిన ఆ గీతలు తెలియకుండానే స్కేటర్లకు ఒక విశ్రాంతిని ఇచ్చేవని ఇప్పుడు అర్థమవుతోంది. 1988లో కర్ట్ బ్రౌనింగ్ పోటీలో తొలి క్వాడ్ (నాలుగు చుట్ల జంపు) దిగాడు, 2022లో ఇలియా మాలినిన్ నాలుగున్నర చుట్ల క్వాడ్ యాక్సెల్ కూడా దిగాడు. కొన్ని దిద్దుబాట్లూ జరిగాయి. 2018 నుంచి పురుషుల ఫ్రీ స్కేట్ నిడివిని నాలుగున్నర నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకు, జంప్ అంశాలను ఎనిమిది నుంచి ఏడుకు తగ్గించారు. సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి 17కు దశలవారీగా పెంచాలని అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ 2022లో నిర్ణయించింది, అది 2024–25 సీజన్‌కు పూర్తిగా అమలైంది. మంచి నిర్ణయమే, అయితే పన్నెండేళ్ల పిల్ల రోజుకు ఎన్ని జంపులు వేయాలో ఆ నియమం చెప్పదు.

సీజన్ జులై 1న మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గ్రాండ్ ప్రి అనే అంతర్జాతీయ పోటీల వరుస, తర్వాత జాతీయ పోటీలు, జనవరి నుంచి ఖండస్థాయి ఛాంపియన్‌షిప్‌లు, మార్చిలో ప్రపంచ పోటీలు. ఏప్రిల్, మే నెలలు విశ్రాంతికని అనుకుంటే, పేరున్న స్కేటర్లకు అవే ఐస్ షోల నెలలు, పేరు లేనివారికి కొత్త ప్రోగ్రామ్‌లు, కొత్త జంపుల నెలలు. అమెరికా శిశువైద్యుల అకాడమీ పిల్లలకు వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదికి మొత్తం రెండు మూడు నెలలు తమ క్రీడ నుంచి విరామం ఉండాలని, ఆ నెలలను విడివిడిగా తీసుకున్నా సరేనని చెబుతుంది. పోటీ స్కేటర్ల ఇళ్లలో ఈ మాట వింతగా వినిపిస్తుంది.

వింతగా వినిపించడానికి కారణం భయం. జంపు అన్నది సరైన క్షణాన్ని పట్టుకోవడం మీద ఆధారపడిన విద్య, కొన్ని రోజులు మానితే ఆ ‘టైమింగ్’ తప్పుతుంది. అది నిజమే. అయితే రెండు మూడు వారాల విరామంలో కండరబలం పెద్దగా తగ్గదు, దమ్ము కాస్త తగ్గినా త్వరగానే తిరిగి వస్తుంది, టైమింగ్ కూడా వెనక్కి వస్తుంది. జపాన్ స్కేటర్ యుజురు హన్యు 2017 నవంబరులో ఎన్‌హెచ్‌కే ట్రోఫీ అనే పోటీ ముందు సాధనలో కుడి చీలమండకు గాయమై, దాదాపు రెండు నెలలు మంచుకు దూరంగా ఉండి, 2018 ఫిబ్రవరిలో ప్యోంగ్‌చాంగ్‌లో రెండోసారి ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. దీన్ని విశ్రాంతి సాధించిన విజయంగా చెప్పేవారున్నారు. నేను అంత సులభంగా అనలేను. ఆ చీలమండ పూర్తిగా మానకముందే, నొప్పి మందుల సాయంతో ఆయన పోటీ చేశారు, ఆ తర్వాతి ప్రపంచ పోటీలకు దూరమయ్యారు, అదే ఏడాది మాస్కోలో అదే చీలమండ మళ్లీ దెబ్బతింది. రెండు నెలల్లో నైపుణ్యం చెక్కుచెదరలేదు, కానీ ఆ రెండు నెలలు చీలమండకు చాలలేదు. ఈ రెండు పాఠాలనూ కలిపే చదువుకోవాలి.

మనసుకు పట్టే సమయం వేరు, దాన్ని వారాల్లో కొలవలేం. అమెరికా స్కేటర్ అలీసా లియూ 2022లో 16 ఏళ్ల వయసులో పోటీలకు స్వస్తి చెప్పి, రెండేళ్లు స్కేటింగ్‌కు దూరంగా గడిపి, 2024లో తిరిగి వచ్చి, 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒక్కరి అనుభవం అందరికీ సూత్రం కాదు. కానీ ఎక్కువ కాలం మంచుకు దూరమైతే ఇక తిరిగి రాలేమన్న నమ్మకానికి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

ఆచరణలోకి వస్తే, మొదటి పని గంటలను కాక జంపులను లెక్కపెట్టడం. రెండు గంటల సెషన్‌లో పది జంపులూ ఉండవచ్చు, ఎనభై కూడా ఉండవచ్చు. పడిపోయినవి, నేల మీద వేసినవి కూడా లెక్కలోకి రావాలి. వారం వారం ఆ సంఖ్య నెమ్మదిగా పెరగాలి, మూడు నాలుగు వారాలకొకసారి బాగా తగ్గాలి. ప్రోగ్రామ్‌ను ప్రతిరోజూ పూర్తి జంపులతో నడపనక్కర్లేదు. సంగీతంతో పాటు అడుగులు, స్పిన్లు పూర్తిగా చేసి, జంపుల చోట సింగిల్ మాత్రమే వేసే రోజులు ఉండాలి. ఐస్ బాత్, మసాజ్ వంటివి నొప్పిని కాస్త తగ్గించి హాయినిస్తాయి, అంతకుమించి వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. బలం పెంచే వ్యాయామం చేసిన ప్రతిసారీ చల్లని నీటిలో మునిగితే కండరం ఎదుగుదల కొంత తగ్గే అవకాశం కూడా ఉంది. పొద్దున్నే లేవగానే నాడి వేగం మామూలుకన్నా ఎక్కువగా ఉండటం, నిద్ర పట్టకపోవడం, అకారణమైన చిరాకు, నిన్నటిదాకా వచ్చిన జంపు ఇవాళ రాకపోవడం కొన్ని రోజులు వరుసగా కనిపిస్తే, అది మరింత కష్టపడాలన్న సూచన కాదు.

ఇక తిరిగి మొదలుపెట్టే రోజు. రెండు వారాల విరామం తర్వాత మంచు మీదికి వచ్చిన స్కేటర్ మొదటి అరగంట పెద్ద పెద్ద వంపులు గీస్తూ తిరుగుతుంది. మోకాళ్లు లోతుగా వంగుతాయి, బ్లేడు కింద మంచు మెత్తగా పలుకుతుంది, ఊపిరి తేలికగా ఉంటుంది, ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. పక్కనే తోటివారు ట్రిపుల్స్ వేస్తుంటే తనకూ వేయాలనిపిస్తుంది, వేస్తే బహుశా దిగుతుంది కూడా. రింకు గట్టు మీద తెరిచి ఉన్న కోచ్ పుస్తకంలో ఆ రోజు ఎదురుగా జంపుల గడిలో సున్నా రాసి ఉంది. సింగిల్స్ నాలుగో రోజు నుంచి, అదీ పదికి మించకుండా. డబుల్స్ మరుసటి వారం.